బాలరాజు సెట్ కాలదు

బాలరాజు ఇంట్లో కుక్కర్ విజిల్ తీసి అటక మీద పడేశారు. అన్నం ఇప్పుడు గిన్నెలో వండుతున్నారు. ఎసరు పొంగినప్పుడు మూత టకటకలాడకుండా గరిటె అడ్డం పెడుతున్నారు. వీధి గేటు గొళ్ళేనికి పాత లుంగీ ముక్క చుట్టి ఉంది. స్టీలు గ్లాసులు లోపలికి పోయి ప్లాస్టిక్ గ్లాసులు బయటికి వచ్చాయి. బాలరాజు భార్య కొండవ్వ తలలో గడ్డ ఉంది. హైదరాబాదులో ఒకసారి ఆపరేషన్ చేసి, రెండోసారి చేయలేమని ఇంటికి పంపారు. ఆ తర్వాత నుంచి ఏ చప్పుడైనా ఆమెకు తల మీద దెబ్బలా తగులుతోంది.

ఆ ఇంటి యజమాని మాత్రం బతుకంతా చప్పుడుతోనే బతికాడు.

బాలరాజుకు యాభై ఎనిమిదేళ్ళు. తండ్రి లింగమూర్తి సిద్దిపేటలో గుంటమగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాడు. మగ్గం తిండి పెట్టని రోజులు రాగానే కొడుకును చిన్నతనంలోనే బొంబాయి పక్కనున్న భివండి పంపాడు. అక్కడ సాంచెల షెడ్డులో మనుషులు నోటితో మాట్లాడుకోరు. మరమగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి చేతులతో సైగ చేసుకుంటారు. బాలరాజు పొద్దంతా ఆ మోతలో నిలబడి, డ్యూటీ దిగాక పక్క సందులో రేడియోలు బాగుచేసే దుకాణంలో కూర్చునేవాడు. కొన్నేళ్ళకు ఒక టంకం కర్ర, ఒక మీటరు సంచిలో వేసుకొని సిద్దిపేట తిరిగొచ్చి, పాత బస్టాండు వెనక సందులో ఆంప్లిఫయర్ల దుకాణం పెట్టాడు.

బరాత్‌లకు, వినాయకుని ఊరేగింపులకు కిరాయికి ఇచ్చే సెట్లు ఆయన చేతిలో తయారయ్యేవి. నారాయణరావుపేటలో సౌండు సిస్టం నడిపే కర్ణాకర్ ఆయన పాత గిరాకీ. కొత్తవాళ్ళను దుకాణానికి తీసుకొచ్చి తనే బేరం మొదలుపెట్టేవాడు.

"గిది బాలన్న సెట్. మే నెల ఎండల బండి మీద కట్టుకొని పొద్దుందాక కొట్టు. పెండ్లిపిల్లగాడు సొమ్మసిల్లి పడ్తడు గని సెట్ కాలదు."

సెట్ కాలకపోవడానికి ఒక కిటుకు ఉంది. ఆంప్లిఫయర్ చివర ట్రాన్సిస్టర్లు జంటలుగా పనిచేస్తాయి. ఒకటి స్పీకర్‌ను ముందుకు తోస్తే, ఇంకొకటి వెనక్కి లాగుతుంది. మగ్గం మీద నాడె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయినట్టే, పని ఒకదాని నుంచి రెండో దానికి మారుతూ ఉంటుంది. మారే ఆ క్షణంలో రెండూ మేలుకొని ఉండాలంటే, పాట లేనప్పుడు కూడా వాటికి కొంచెం కరెంటు ఇస్తూ ఉండాలి. దాన్ని బయాస్ అంటారు. బయాస్ ఇస్తే ట్రాన్సిస్టర్లు ఊరికే ఉన్నప్పుడు కూడా వెచ్చగా ఉంటాయి. ఎండలో, దుమ్ములో, పెళ్ళి బండి మీద ఆ వెచ్చదనమే వాటిని కాల్చేస్తుంది. అందుకే బాలరాజు తను చేసిన ప్రతి సెట్‌లోనూ బయాస్ స్క్రూను చివరిదాకా తగ్గించి, మీద రంగు చుక్క పెట్టి మూసేసేవాడు. వేడిని కనిపెట్టి బయాస్‌ను అదుపు చేసే చిన్న ట్రాన్సిస్టర్‌ను పెద్ద ట్రాన్సిస్టర్లు కూర్చునే అల్యూమినియం పలకకు బిగించాలి. బయాసే లేని సెట్‌కు దాని అవసరం లేదు కాబట్టి, దాన్ని బోర్డు మీదే నిలబెట్టి వదిలేసేవాడు.

దీనివల్ల వచ్చే నష్టం ఒక్కటే. సౌండు బాగా తగ్గించి వింటే, పని చేతులు మారే ప్రతిచోటా మాట చిరుగుతుంది. పెంచితే ఆ చిరుగు మోతలో కలిసిపోతుంది. బరాత్ సెట్‌ను తగ్గించి వినేవాడు ఎవడూ లేడు. బాలరాజు కూడా ఎన్నడూ వినలేదు.

కొండవ్వకు ఒక కోరిక ఉండేది. అది చాలా పాతది.

పద్మశాలీలకు వాళ్ళ కులకథ చెప్పేవాళ్ళు కూనపులివాళ్ళు. కొన్నేళ్ళకోసారి వచ్చి, బొమ్మల పటం గోడకు వేలాడదీసి, మద్దెల, తాళాలతో కథ చెబుతారు. వాళ్ళకు వాడకట్టులో ఎవరో ఒకరింట్లో వంట కావాలి. కొండవ్వ చేతి వంట బాగుంటుందని ప్రతిసారీ ఆమె మీదే పడేది. ఆ దళంలో పెద్దాయన దత్తాత్రి కథ మధ్యలో తాళాలు కింద పెట్టి గొంతు తగ్గించేవాడు. కథలో యుద్ధానికి పోయిన నేతగాని భార్య ఖాళీ మగ్గం ముందు కూర్చొని తనలో తను మాట్లాడుకునే చోటు అది. జనం ముందుకు వంగి వినేవాళ్ళు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కొండవ్వకు పొయ్యి దగ్గరి నుంచి మద్దెల వినపడేది, తాళాలు వినపడేవి. ఆ తగ్గించిన గొంతు మాత్రం వంటింటిదాకా వచ్చేది కాదు.

"అందరు ఏడ్చుకుంట బువ్వకచ్చేటోళ్ళు. ఏమన్నడే అని అడిగితే, చెప్తే ఏముంటది, ఇనాలె అనేటోళ్ళు. నేనేమో ఎసట్ల బియ్యం పోసుకుంటనే ఉంటి," అని ఆమె కూతురు రమ్యతో చెప్పింది.

దత్తాత్రి చనిపోయాడు. ఆయన కొడుకులు వేరే పనుల్లోకి పోయారు. కానీ చివరిసారి వచ్చినప్పుడు ఆయన చెప్పిన కథను బాలరాజు క్యాసెట్ మీద రికార్డు చేశాడు. మొదటి వైపు మద్దెల మోత బాగా ఉందని దాన్ని దుకాణంలో సెట్లు పరీక్షించడానికి ఏళ్ళ తరబడి వాడాడు. రెండో వైపు తిప్పనే లేదు. తగ్గించిన గొంతు ఉన్నది ఆ రెండో వైపే.

సిద్దిపేటలోనే ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే రమ్య, తల్లి కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉంటోంది. క్యాసెట్‌ను ఫోన్‌లోకి ఎక్కించింది. ఫోన్ మీద పెడితే కొండవ్వ చేయి అడ్డం పెట్టింది. "రేకు మీద గోరు గీసినట్టున్నది బిడ్డా, బందు జెయ్." ఇయర్‌ఫోన్లు పెడదామంటే ఆపరేషన్ చేసిన వైపు చెవిని ముట్టుకోనివ్వదు. పక్కింటివాళ్ళ బ్లూటూత్ డబ్బా తెచ్చి స్విచ్చేస్తే, అది పాట కంటే ముందు గట్టిగా గంట కొట్టి, కనెక్టెడ్ అని అరిచింది. ఆ అరుపును తగ్గించే మీట దానికి లేదు. కొండవ్వ ఉలిక్కిపడి మంచంలోనే వాంతి చేసుకుంది.

బాలరాజు ఆ డబ్బాను రెండు వేళ్ళతో పట్టుకొని బయట పెట్టొచ్చాడు.

"ఆంప్లిఫయర్ బాలరాజు ఇంట్ల గీ పిల్లల బొమ్మలు ఆడ్తయా? నేను లేనా? పెద్ద బాక్స్ పెట్టి సన్నగ ఇనిపిస్త. తల్లి పాలు తాగినంత మెత్తగ ఉంటది సూడు."

దుకాణంలో ఉన్నవాటిలో మంచి సెట్‌ను విప్పి శుభ్రం చేస్తుంటే కర్ణాకర్ వచ్చాడు. దసరాకు రెండు సెట్లు కావాలి.

"తక్కువ సౌండుకు సెట్టా?" అన్నాడు విషయం విని. "గదేందన్నా, ఉప్పు, చింతపండు లేకుంట పచ్చిపులుసు జేసినట్టు."

"మీ వదినెకు."

కర్ణాకర్ నవ్వు ఆపేశాడు. "వదినెకంటే సరే. నేను బాక్స్ ఇస్త. నా దగ్గర మెత్తటిది ఒకటుంది," అని సాయంత్రానికల్లా పంపించాడు.

బాక్స్‌ను కొండవ్వ మంచం కాళ్ళ వైపు పెట్టారు. సెట్ వేయగానే ఆమె కళ్ళు మూసుకొనే అడిగింది.

"గా గాలి ఏందయ్యా?"

సెట్ లోపలి ఫ్యాను తిరుగుతోంది. బాలరాజు దాని తీగ కత్తిరించాడు.

"కాలదా బాపు?" అంది రమ్య.

"గింత సౌండుకు ఏం కాల్తది? దీపమంత కరెంటు కూడ తినదు."

తర్వాత ఒక తుమ్మెద మోత మిగిలింది. బాలరాజు బాక్స్‌కు చెవి ఆనించి విన్నాడు. అది ఆయనకు వినపడింది. ట్రాన్స్‌ఫార్మర్‌ను సెట్ బయటికి తీసి దూరంగా పెట్టి, తీగలు మెలితిప్పి, మళ్ళీ విన్నాడు. మోత పోయింది. రమ్య కూడా పోయిందని చెప్పింది. కథ పెట్టారు. మద్దెల సన్నగా, దూరంగా, మెత్తగా వచ్చింది. కొండవ్వ నొసలు ముడిపడలేదు. చాలా రోజుల తర్వాత బాలరాజు ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

మరునాడు దత్తాత్రి మాట మొదలయ్యేదాకా పెట్టారు. అప్పుడు తెలిసింది.

"మాట చిరుగుతుందయ్యా," అంది కొండవ్వ. "ఒక్కొక్క మాటకాడ పోగు తెగినట్టు గరగరమంటుంది."

"ఏం లేదు. మంచిగనే ఉన్నది."

"ఉన్నది బాపు," అంది రమ్య. "నాకు గూడ ఇనవడ్తుంది."

"క్యాసెట్ పాతది. ఫంగస్ పట్టి ఉంటది."

"ఫోన్ల గరగర లేదు గద? గదే పాట, గదే ఫోను."

"నీకెరుకనా సెట్ల సంగతి? నేను నీ లెక్క ల్యాబుల శీసలు కడిగిన్నా?" ఆ మాట అన్నాక ఆయనే ఒక క్షణం ఆగాడు. ఆగి కూడా తగ్గలేదు. "ఇగో, ఇను. ఏడున్నది గరగర, ఇను!"

వాల్యూమ్ తిప్పాడు. పెంచితే చిరుగు నిజంగానే పోయింది. దత్తాత్రి గొంతు గది నిండా శుభ్రంగా లేచింది. కొండవ్వ రెండు చేతులతో తల పట్టుకొని గోడవైపు తిరిగింది.

"తక్కువ జెయ్! తక్కువ జెయ్యయ్యా, నీ కాల్మొక్కుత."

రమ్య వైరు పీకేసింది. ఆ రోజంతా తండ్రితో మాట్లాడలేదు. కొండవ్వ ఆ రోజు మందు రెండుసార్లు ఎక్కువ అడిగింది.

నొప్పి తగ్గించే మందులు ఇవ్వడానికి వారానికోసారి ఇంటికి వచ్చే నర్సు పేరు షారోన్. ములుగు వైపు ఊరు. రమ్య ఆమెను వంటింట్లో నిలబెట్టి జరిగింది చెప్పింది. షారోన్ కొండవ్వ గదిలో కూర్చొని రెండు నిమిషాలు కథ విన్నది. తర్వాత ముందు గదిలో వీపు ఇటు పెట్టి కూర్చున్న బాలరాజు వెనక నిలబడి పిలిచింది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. మూడోసారి భుజం తట్టింది.

"అన్నా, మెల్లగ పిల్చిన. మీకు ఇనరాలే."

"పని మీద ఉన్న సిస్టరమ్మా."

"మీరు ఏం పని మీద లేరు. గోడ దిక్కు సూస్కుంట కూసున్నరు." ఆమె నవ్వలేదు. "సెట్‌ల గరగర ఉన్నదన్నా. ముగ్గురికి ఇనవడ్తుంది, మీకొక్కరికే ఇనవడ్తలేదు. దవాఖానకు పోయి చెవులు సూపెట్టుకోండి. అమ్మ కోసమన్న పోండి."

బాలరాజు మరునాడు పోయాడు. చెవి పరీక్ష చేసే గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట చకచకా నొక్కాడు. తర్వాత ఊరికే కూర్చున్నాడు. పరీక్ష అయిపోయిందేమో అనుకున్నాడు. అద్దం అవతల ఉన్నామె ఇంకా మీటలు నొక్కుతూనే ఉంది.

బయటికి వచ్చాక ఆమె కాగితం మీద గీత చూపించింది. ఎడమ నుంచి సగందాకా చదునుగా వచ్చి, అక్కడి నుంచి గుట్ట దిగినట్టు కిందికి పోయింది.

"బొంగురు శబ్దాలు మీకు మంచిగనే ఇనవడ్తున్నయ్. కీసుమనే సన్నవి పోయినయ్. మోతల పని జేసినారా?"

"సాంచెలు. తర్వాత సెట్లు."

"ఇది మందుతోటి వాపసు రాదు."

"ఎన్నడు పోయినయ్?"

"ఇప్పటిది కాదు. ఏండ్ల కింద."

దవాఖాన నుంచి ఇంటికి నడిచి వచ్చాడు. తుమ్మెద మోత బొంగురుది కాబట్టి తనకు దొరికింది. గరగర సన్నది కాబట్టి దొరకలేదు. బయాస్ తగ్గిస్తే ఏమవుతుందో భివండి దుకాణంలో పని నేర్పిన ముసలాయన చెప్పాడు. ఆ సంగతి బాలరాజుకు తెలుసు. చెవికి ఎన్నడూ తగల్లేదు గనుక లెక్కలోకి తీసుకోలేదు.

ఇంటికి రాగానే రమ్యను పిలిచాడు.

"నువ్వన్నది నిజమే బిడ్డా. నువ్వు ఇను, నేను తిప్పుత."

శీసల మాటకు ఆయన అడిగిన క్షమాపణ అంతే. రమ్య కింద కూర్చొని బాక్స్ ముందు తల వంచింది. బాలరాజు రంగు చుక్క గీకి, బయాస్ పెరిగేటట్టు స్క్రూను సన్నగా తిప్పుతూ ఆమె మొహం చూశాడు.

"ఉన్నది... ఇంక ఉన్నది... తగ్గింది. బాపు, తగ్గింది! ఇంకొంచెం... పోయింది."

"పూర్తిగనా?"

"పూర్తిగ. ఆయన ఊపిరి తీసుకున్నది గూడ ఇనవడ్తుంది."

బాలరాజు స్క్రూ మరికొంచెం తిప్పి వదిలాడు. మీటరు పెట్టి చూడలేదు. కూతురు మొహం చూశాక ఆయనకు ఆ ఆలోచన రాలేదు. చిన్న ట్రాన్సిస్టర్ బోర్డు మీద ఎప్పటిలాగే విడిగా నిలబడి ఉంది. దాన్ని పలకకు బిగించడం ఆయన చేతికి ఏనాడూ అలవాటు లేదు. ఫ్యాను తీగ అప్పటికే కత్తిరించి ఉంది.

ఆ మధ్యాహ్నం కొండవ్వకు మందు పట్టాక, తలుపులు దగ్గరికి వేసి రెండో వైపు పెట్టారు. మాట ఎక్కడా చిరగలేదు. కొండవ్వ కళ్ళు మూసుకొని విన్నది. దుప్పటి మీద ఆమె వేళ్ళు కండెకు నూలు చుట్టుతున్నట్టు కదిలాయి. ఒకచోట దత్తాత్రి పాత పరాచికం ఆడితే ఆమె పెదవి పక్కకు జరిగింది.

"గప్పుడు గూడ గిదే అన్నడు ముసలోడు," అంది.

మద్దెల ఆగింది. తాళాలు కింద పెట్టిన చిన్న చప్పుడు వచ్చింది.

"ఇగ అస్తుంది అవ్వా," అంది రమ్య.

బాలరాజు సెట్ వైపు చూడటం లేదు. ఆయన కొండవ్వనే చూస్తున్నాడు. సెట్ లోపల వేడెక్కిన ట్రాన్సిస్టర్లు ఇంకొంచెం కరెంటు లాగాయి, లాగిన కొద్దీ ఇంకా వేడెక్కాయి. ఆపమని చెప్పాల్సిన చిన్న ట్రాన్సిస్టర్ చల్లటి బోర్డు మీద నిలబడి ఉంది. దత్తాత్రి గొంతు తగ్గించి మొదటి మాట అనేలోపే ట్రాన్సిస్టర్లు కాలిపోయాయి. లోపలి కరెంటంతా ఒక్కసారి స్పీకర్ మీద పడింది. బరాత్‌లో కూడా ఎవరూ వినని చప్పుడు ఆ చిన్న గదిలో పేలింది. కిటికీ అద్దాలు అదిరాయి.

కొండవ్వ ఒళ్ళు విల్లులా వంగింది. ఫిట్స్ ఆగడానికి దవాఖానలో సాయంత్రం దాకా పట్టింది.

తిరిగి ఇంటికి తెచ్చారు. ఆమె కళ్ళు తెరిచేది, నీళ్ళు పోస్తే మింగేది, మాట్లాడేది కాదు. పిలిస్తే తిరిగేది కాదు. పెద్ద చప్పుడైతే నొసలు ముడిపడేది, అంతే. వినపడుతోందా అని రమ్య అడిగితే షారోన్ తెలియదని చెప్పింది. "ఇనవడ్తుందనే అనుకొని మాట్లాడాలె," అన్నది.

కర్ణాకర్ చూడటానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లుంగీ ముక్క చుట్టిన గొళ్ళేన్ని మెల్లగా వేసి వచ్చాడు.

"బయట ఒక మాట నడుస్తుందన్నా. బాలన్న సెట్ కాలిందంటున్నరు. తప్పు మాట, నేను నమ్మ అని చెప్పిన."

"కాలింది."

"ఎట్ల?"

"నేనే కాలవెట్టిన. దసరా సెట్లు వేరేకాడ చేయించుకో తమ్మీ."

కర్ణాకర్ లేచాడు. పోయేటప్పుడు తన బాక్స్ సంగతి అడగలేదు.

బాలరాజు కాలిన ట్రాన్సిస్టర్లు తీసి కొత్తవి వేశాడు. బాక్స్‌లో స్పీకర్ కూడా మార్చాడు. చిన్న ట్రాన్సిస్టర్‌కు తీగలు అతికించి, అభ్రకం ముక్క, వేడిని అందించే తెల్ల పేస్టు పెట్టి పలకకు గట్టిగా బిగించాడు. ఏదైనా తేడా వస్తే స్పీకర్‌ను విడదీసే రిలే పెట్టాడు. ఈసారి చెవులను ఎవరివీ నమ్మలేదు. మీటరు తీగలు బిగించి, బయాస్ అంకె ఇరవై రెండు మిల్లీవోల్టుల దగ్గర నిలిచేదాకా స్క్రూ తిప్పాడు. ఆ అంకె పెరిగితే సెట్ వేడెక్కుతున్నట్టు. దుకాణంలో షట్టరు సగం దించి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా సెట్‌ను నడవనిచ్చి, పలక మీద చేయి పెట్టుకొని కూర్చున్నాడు. అది గోరువెచ్చగానే ఉంది. మరునాడు కూడా అట్లాగే నడిపాడు.

ఇంటికి తెచ్చినప్పుడు రమ్య గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మల్ల పేల్తే?"

"పేలదు."

"గప్పుడు గూడ గట్లనే అన్నవ్."

"అన్న." సెట్‌ను చంకలో పెట్టుకొనే నిలబడ్డాడు. "గప్పుడు సూస్కోలే. ఇప్పుడు సూసిన. నువ్వు వద్దంటే వాపసు తీస్కపోత."

రమ్య వెనక్కి తిరిగి మంచంలో ఉన్న తల్లిని చూసింది. తర్వాత పక్కకు జరిగింది.

షారోన్ వచ్చే రోజు చూసి, ఆమె గదిలో ఉండగానే పెట్టారు. బాలరాజు సెట్‌కు తగిలించిన మీటరును స్టూలు మీద నిలబెట్టి, దాని ముందు కింద కూర్చున్నాడు. అంత సన్నగా పెట్టిన దత్తాత్రి మాట ఆయనకు చాలావరకు వినపడదు. మద్దెల ఉన్నంతసేపు తెలిసింది. మద్దెల ఆగాక ఏమీ తెలియలేదు. రమ్య చేయి ఎత్తి ఒక వేలు చూపించింది. గొంతు తగ్గిన చోటు వచ్చిందని అర్థం. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. షారోన్ ముందుకు వంగి వింటోంది.

కొండవ్వ కళ్ళు తెరిచే ఉన్నాయి. నొసలు ముడిపడలేదు. వేళ్ళు కదల్లేదు.

బాలరాజు ఒకసారి ఆమెను చూసి, మళ్ళీ మీటరు వైపు తిరిగాడు. అది ఇరవై రెండు మిల్లీవోల్టుల దగ్గర ఉంది. కథ అయిపోయేదాకా అక్కడే ఉంది.